ఆఫ్రికా నవల చదివే ముందు మూడు తేదీలు రాసుకోండి

యుద్ధానంతర ఆఫ్రికా నవల అనగానే ముందు తేల్చుకోవాల్సింది ఏ యుద్ధం అన్నది. సాహిత్య చరిత్రల లెక్కలో అది 1945లో ముగిసిన రెండో ప్రపంచ యుద్ధం. కానీ నైజీరియాలో ఇగ్బో కుటుంబంలో పుట్టిన మనిషి ‘యుద్ధం అయ్యాక’ అంటే 1970 జనవరి తర్వాత అని అర్థం. 1967 మే 30న నైజీరియా నుంచి విడిపోతున్నట్టు ప్రకటించుకుని, 1970 జనవరి 15న లొంగిపోయిన బయాఫ్రా కోసం జరిగిన పోరే వాళ్లకు యుద్ధం. అల్జీరియా నవలలో యుద్ధమంటే 1954 నుంచి 1962 దాకా ఫ్రాన్సుతో జరిగిన పోరు. ఇక కెన్యా నవలలో ‘ఎమర్జెన్సీ’ అన్న మాట కనబడగానే తెలుగు పాఠకుడి బుర్రలో 1975 మెదులుతుంది. అక్కడి ఎమర్జెన్సీ వేరు. మౌ మౌ తిరుగుబాటును అణచడానికి 1952 అక్టోబరులో బ్రిటిష్ ప్రభుత్వం విధించింది, 1960 జనవరి దాకా ఎత్తెయ్యలేదు. ఈ ఒక్క మాట దగ్గర పొరబడితే పుస్తకం సగం చేజారినట్టే.

అందుకే పుస్తకం తెరవగానే అట్ట లోపలి తెల్లకాగితం మీద పెన్సిలుతో మూడు తేదీలు రాసుకోండి. ఒకటి, కథ జరిగే కాలం. రెండు, రచయిత దాన్ని రాసిన కాలం, అప్పుడు ఆ మనిషి ఉన్న చోటు. మూడు, అచ్చయిన సంవత్సరం, అచ్చువేసిన వాళ్లు, ఏ పాఠకుల కోసం వేశారన్నది. దీనికి ఇరవై నిమిషాలు చాలు. అంతకు మించి ముందే చరిత్ర చదివేస్తే నవల మీకు ఉదాహరణల పుస్తకంలా కనబడటం మొదలవుతుంది, అది పెద్ద నష్టం.

చినువా అచేబే ‘థింగ్స్ ఫాల్ అపార్ట్’ తీసుకోండి. కథాకాలం 1890ల ప్రాంతం, నైజర్ నదికి తూర్పున ఉన్న ఇగ్బో పల్లెలు. రాసింది 1950లలో, అచ్చయింది 1958లో లండన్‌లో. హైనెమన్ సంస్థ మొదట వేసిన ప్రతులు 2,000. నైజీరియాకు స్వాతంత్ర్యం రావడానికి ఇంకా రెండేళ్లుంది. ఈ మూడు తేదీలూ పక్కపక్కన పెడితే, వాక్యాలు అలా ఎందుకు ఉన్నాయో అర్థమవుతుంది. కోలా కాయ పంచడం, కల్లు పోసే వరస, ముసుగు వేసుకున్న పెద్దలు పూర్వీకులై తీర్పు చెప్పడం, వీటిని అచేబే వాక్యంలోనే విప్పుకుంటూ పోతాడు. మొదటి పాఠకుడు ఇంగ్లీషువాడని ఆయనకు తెలుసు. ఆ ఇంగ్లీషు పాఠకుడు అంతకుముందు ఆఫ్రికా గురించి చదివింది తెల్లవాళ్లు రాసిన నవలలే అని కూడా తెలుసు. ఇబాదాన్ కాలేజీలో చదువుకునేటప్పుడు జాయిస్ కేరీ రాసిన ‘మిస్టర్ జాన్సన్’ మీద వచ్చిన కోపం ఈ నవలకు ఒక పురికొల్పు. కాబట్టి ‘ఇన్ని ఆచారాల వర్ణన దేనికి’ అని విసుక్కోకండి. ఆ వర్ణన ఒక వాదానికి జవాబు. 1962లో ఆఫ్రికన్ రైటర్స్ సిరీస్ మొదలై, ఈ నవలే దాని మొదటి నంబరుగా చవక అట్టతో వచ్చాక చదివినవాళ్లు ఆఫ్రికాలోని బడిపిల్లలు. అదే పుస్తకం, రెండు రకాల పాఠకులు. మూడో తేదీని రెండు వరసల్లో రాసుకోవలసి వస్తుంది.

తేదీలు రాసుకున్నాక మొదటి మూడు అధ్యాయాలు ఏదీ వెతక్కుండా చదవండి. తెలియని మాట కింద గీత గీసి ముందుకు పొండి. వెనక పేజీల్లో పదకోశం ఉన్నా తిప్పవద్దు. ‘చి’ అన్న మాటకు పదకోశం వ్యక్తిగత దైవం అని చెప్పి ఊరుకుంటుంది. నవలలో ఆ మాట వచ్చిన ప్రతిచోటా ఎవరు, ఎవరి గురించి, గెలిచినప్పుడా ఓడినప్పుడా అన్నారో చూస్తూ పోతే అర్థం దానంతట అదే గట్టిపడుతుంది. మనిషి ఔనంటే అతని చి కూడా ఔనంటుందని ఒకచోట, చి రాతను దాటి ఎదగలేడని మరోచోట వస్తుంది. రెండూ ఒకే మనిషి గురించి. దాన్ని ‘తలరాత’ అని అనువదించుకుని ముందుకెళితే నవల నాయకుడు ఒకొంక్వో కథలోని లాగులాట మొత్తం చదునైపోతుంది.

ఇక్కడే తెలుగు పాఠకుడికి ఒక బలముంది, ఒక గొయ్యి కూడా ఉంది. పల్లె, కులం, పండగలు, జాతర, పెద్దల పంచాయితీ మనకు తెలుసు కాబట్టి చాలా దృశ్యాలు చప్పున అందుతాయి. ఉదాహరణకు ఒగ్బాంజే. పుట్టిన పిల్లలు వరసగా చనిపోతుంటే, ఒకే దుష్ట శిశువు మళ్లీ మళ్లీ అదే తల్లి కడుపున పుట్టి చస్తోందని నమ్మకం. ఒకొంక్వో భార్య ఎక్వెఫీ తన బిడ్డలకు పెట్టిన పేర్లలో ఒకటి ఒన్వుంబికో, ‘మృత్యువా, నిన్ను వేడుకుంటున్నా’ అని. మనకు వెంటనే పెంటయ్య, పుల్లయ్య గుర్తొస్తారు. పోలిక నిజమే. కానీ అక్కడే ఆగి తేడా రాసుకోవాలి. మన పేరు వెనక ఉన్న ఆలోచన, బిడ్డను విలువలేనిదిగా చూపిస్తే చావు వదిలేస్తుందని. అక్కడ బిడ్డే నేరస్తురాలు. వైద్యుడు చచ్చిన శిశువు శరీరాన్ని కోసి గుర్తు పెడతాడు, బతికున్న కూతురు ఎజిన్మా చేత పాతిపెట్టిన రాయి ఎక్కడుందో చెప్పిస్తూ ఊరంతా తిప్పుతాడు. మన వైపు తల్లి చావును మోసం చేస్తుంది. అక్కడ తల్లి తన బిడ్డతోనే బేరమాడుతుంది. ఎక్వెఫీకి ఆ పిల్ల మీద ఉన్న ప్రేమలో భయం ఎందుకు కలిసి ఉందో ఈ తేడాలోనే తెలుస్తుంది. (ఒగ్బాంజే నమ్మకాన్ని సికిల్‌సెల్ జబ్బుతో ముడిపెట్టిన పరిశోధకులున్నారు. తెలుసుకోదగ్గ విషయమే కానీ, ఆ దృశ్యం చదివేటప్పుడు పక్కన పెట్టండి. ఎక్వెఫీకి అది జబ్బు కాదు.)

పోలిక కనబడ్డ ప్రతిచోటా ఇలా రెండు వాక్యాలు రాయడం అలవాటు చేసుకోండి. ఒకటి ‘మన దగ్గరా ఇలాగే’, రెండోది ‘కానీ’. రెండో వాక్యం రాయలేకపోతున్నారంటే ఆ పేజీ మళ్లీ చదవాలి.

‘ఒసు’ విషయంలో ఇది మరీ ముఖ్యం. ఒసు అంటే దేవుడికి అర్పితమైన మనిషి, ఆ మనిషి సంతానం. స్వేచ్ఛగా పుట్టినవాళ్లు వాళ్లను పెళ్లాడకూడదు. తల మీద మంగలికత్తి పడకూడదు. అంటరానితనం తెలిసిన మనకు ఇది పరిచయమైన గాయం. కానీ ఒసుకు ఒక వృత్తితో ముడి లేదు, ముడి ఉన్నది దైవంతో. సెనెగల్‌కు వెళితే మళ్లీ వేరు. మరియామా బా 1979లో ఫ్రెంచిలో ప్రచురించిన నవల (ఇంగ్లీషులో ‘సో లాంగ్ ఎ లెటర్’)లో ఐసాటు కంసాలి కూతురు, ఆమె అత్త దొరల వంశం. అక్కడి భేదం వృత్తి మీద నిలబడింది, మన కులానికి ఇంకాస్త దగ్గర. ఆఫ్రికా మొత్తానికి ఒకే సామాజిక నిచ్చెన ఉందనుకుంటే ఈ రెండు నవలలూ ఒకదాన్నొకటి చెరిపేస్తాయి.

ఒసును పట్టుకుని అచేబే రెండు నవలలను కలిపి చదవడం ఈ మొత్తం పద్ధతికి మంచి కసరత్తు. మొదటి నవలలో ఎంబాంటా ఊరి చర్చిలోకి ఒసులు వస్తారు. తక్కిన విశ్వాసులు గొడవ చేస్తారు, బోధకుడు కియాగా లొంగడు, వాళ్ల జడలు తీసేయిస్తాడు. ఒకొంక్వో కొడుకు ఎన్వోయే తండ్రిని వదిలి చేరింది ఆ మతంలోకే. రెండో నవల ‘నో లాంగర్ ఎట్ ఈజ్’ 1960లో వచ్చింది, కథ 1950ల లాగోస్‌లో. ఎన్వోయే ఇప్పుడు ఐజాక్, ముసలి క్రైస్తవ బోధకుడు. అతని కొడుకు ఓబీ ప్రేమించిన క్లారా ఒసు. ఆ ఐజాకే ఈ పెళ్లి వద్దంటాడు, ఒసును కుష్ఠుతో పోలుస్తాడు. ఇప్పుడు చరిత్ర నుంచి ఒకే ఒక్క వాస్తవం తెచ్చి పక్కన పెట్టండి: నైజీరియా తూర్పు ప్రాంత శాసనసభ ఒసు వ్యవస్థను రద్దు చేస్తూ 1956లో చట్టం చేసింది. అంటే మతం వద్దంది, చట్టం వద్దంది, అయినా ఇంట్లో తండ్రి గొంతు మారలేదు. ఓబీ ఎదుర్కొంటున్నది పాతకాలపు మూఢనమ్మకాన్ని కాదు, రెండు సంస్కరణలను దాటుకుని బతికి వచ్చినదాన్ని. చరిత్ర నుంచి ఇంతే తెచ్చుకోవాలి, సరిగ్గా ఆ పేజీకి కావలసినంత.

తర్వాతి పని డబ్బు లెక్క. ఆఫ్రికా నవలలు చదివే చాలామంది పూర్తిగా వదిలేసేది ఇదే. ఓబీ లంచం తీసుకుని పట్టుబడ్డాడని ఆ నవల మొదటి అధ్యాయంలోనే తెలుస్తుంది. ఇంత చదువుకున్నవాడు ఇలా ఎందుకు చేశాడని జడ్జి మొదలు అందరూ ఆశ్చర్యపోతారు. జవాబు కథలో అక్కడక్కడ చల్లిన అంకెల్లో ఉంది. ఒక కాగితం మీద జమ, ఖర్చు గీసుకోండి. జీతం ఏడాదికి 570 పౌండ్లు, అంటే నెలకు 47 పౌండ్ల 10 షిల్లింగులు. ఇంగ్లండు చదువుకు ఊరి సంఘం ఇచ్చిన అప్పు 800 పౌండ్లు, తీర్చేది నెలకు 20. అమ్మానాన్నలకు నెలకు 10. మిగిలింది 17 పౌండ్ల 10 షిల్లింగులు. అందులోంచి తమ్ముడి బడి ఫీజు, లాగోస్‌లో ఇల్లు, పనివాడు, హోదాకు తగ్గ కారు, దాని బీమా, ఆదాయపు పన్ను. ఆ ఖర్చులు ఎప్పుడు వస్తే అప్పుడు కాగితం మీద రాసుకుంటూ పొండి. అతణ్ని పట్టించిన లంచం 20 పౌండ్లు. అంటే సరిగ్గా సంఘానికి కట్టే ఒక నెల వాయిదా. ఆఫ్రికా మనిషి పుట్టుకతోనే అవినీతిపరుడని తెల్ల అధికారి గ్రీన్ చెప్పే కారణం ఒకటుంది. మీ చేతిలోని కాగితం చెప్పే కారణం ఇంకొకటి. సంఘం అంత డబ్బు ఎందుకు పెట్టింది? భూమి తగాదాల్లో తమ వైపు వాదించే లాయరు కావాలని. ఓబీ చదివి వచ్చింది ఇంగ్లీషు సాహిత్యం. ఇదంతా అప్పు పత్రంలో ఉండదు, అప్పు బరువులో మాత్రం ఉంటుంది.

డబ్బు ఏ రూపంలో ఉందో కూడా చూడండి. గవ్వలు చెల్లుతున్నాయా, షిల్లింగులా, సెడీనా? ఘనాలో సెడీ వచ్చింది 1965లో. అయి క్వే ఆర్మా 1968 నవల ‘ది బ్యూటిఫుల్ వన్స్ ఆర్ నాట్ యెట్ బార్న్’ బస్సు కండక్టరు చేతి డబ్బుతో మొదలవుతుంది. 1966 ఫిబ్రవరి 24న ఘనాను పాలిస్తున్న ఎన్‌క్రుమా ప్రభుత్వం కూలిపోవడం నవల చివర్లో వస్తుంది. పేరు కూడా లేని ఆ రైల్వే గుమాస్తా చుట్టూ కంపు అంతగా ఎందుకు వర్ణించారని అడిగే ముందు 1957 మార్చి 6, స్వాతంత్ర్యం వచ్చిన రోజు, మీ కాగితం మీద ఉండాలి. మధ్యలో గడిచింది తొమ్మిదేళ్లే.

ఇక అధికారం గొలుసు. పుస్తకంలో తెల్లవాళ్లు కొద్దిమందే ఉంటారు. రోజూ జనాన్ని తాకేది వాళ్ల కింద పనిచేసే నల్లవాళ్లు. డిస్ట్రిక్ట్ కమిషనర్‌కీ పల్లె మనిషికీ మధ్య ఎవరెవరున్నారో పై నుంచి కిందికి గీయండి: దుబాసీ, కోర్టు బంట్రోతు, ప్రభుత్వం నియమించిన పెద్ద. ఆ బంట్రోతుల్ని ‘థింగ్స్ ఫాల్ అపార్ట్’లో జనం ‘కోట్మా’ అంటారు, ‘కోర్ట్ మెసెంజర్’ అన్న ఇంగ్లీషు మాట నలిగి ఆ రూపానికొచ్చింది. మన డవాలా బంట్రోతు లాంటివాడే, కాకపోతే వేరే ఊరివాడు, వేరే యాస. కమిషనర్ ఒకొంక్వో ఊరు ఉముయోఫియాకు వేసిన జరిమానా 200 సంచుల గవ్వలు. కోట్మాలు ఊరికి చెప్పింది 250. ఆ 50 సంచులే పరాయి పాలన అసలు నడిచిన తీరు. రాజులు లేని ఇగ్బోల మీద బ్రిటిష్ వాళ్లు ‘వారెంట్ చీఫ్’లను నియమించారు. కాగితం ఇచ్చి పెద్దను తయారుచెయ్యడమన్న మాట. 1920లలో జరిగే ‘ఆరో ఆఫ్ గాడ్’లో పూజారి ఎజేయులు ఆ పదవి వద్దని జైలుకెళతాడు. ఎందుకంత పట్టుదల అన్న ప్రశ్నకు జవాబు ఈ గొలుసు గీసినవాళ్లకే దొరుకుతుంది.

‘థింగ్స్ ఫాల్ అపార్ట్’లో అచేబే ఊహించి రాసిన అబామే ఊరి వినాశనం వెనక నిజంగా జరిగిన సంఘటన ఉంది. 1905లో అహియారా ప్రాంతంలో సైకిల్ మీద వచ్చిన స్టీవర్ట్ అనే డాక్టరును చంపారు, ప్రతీకారంగా సైన్యం వచ్చింది. ఇలాంటిది తెలిసినప్పుడు పాఠకులు చేసే తప్పు ఒకటుంది: నవలను చరిత్రతో సరిపోల్చి మార్కులు వెయ్యడం. అలా కాకుండా, నిజ సంఘటన ఎవరి నోటి నుంచి వచ్చిందో చూడండి. అబామే కథ మనకు కళ్లెదుట జరగదు, ప్రవాసంలో ఉన్న ఒకొంక్వోకు మిత్రుడు మోసుకొచ్చిన వార్తగా వస్తుంది. విన్నవాళ్లు నోరు మెదపనివాణ్ని చంపడం తప్పని మాట్లాడుకుంటారు. తుపాకులున్న శత్రువును తమ సామెతలతో కొలుస్తున్నారు. రచయిత చూపించదలచుకున్నది అదే.

కెన్యాకు వస్తే, గూగీ వా థియాంగో ‘ఎ గ్రెయిన్ ఆఫ్ వీట్’కు మూడు తేదీలు చాలవు, నాలుగు కావాలి. కథ నడిచేది 1963 డిసెంబరు 12, స్వాతంత్ర్య దినానికి ముందు కొద్ది రోజుల్లో. పాత్రలు గుర్తు చేసుకునేది ఎమర్జెన్సీ ఏళ్లను. రాసింది ఇంగ్లండులో, లీడ్స్ యూనివర్సిటీలో చదువుతూ. అచ్చయింది 1967లో. అప్పటికి కొత్త పాలకులు ఏం చేస్తున్నారో రచయితకు తెలిసిపోయింది. గికోన్యో తెల్లవాడి తోట కొనడానికి అప్పు ఇప్పించమని తమ ఎంపీ దగ్గరికి వెళతాడు. ఆ తోట ఎంపీయే కొనుక్కుంటాడు. 1963లో ఉన్న పాత్రలకు ఇది ఒక చిన్న మోసం. 1967లో రాసినవాడికి, చదివినవాడికి అది దేశం కథ. ఏ తేదీ నుంచి చూస్తున్నారో తెలియకపోతే ఆ ఘట్టం కథకు అడ్డొచ్చినట్టు కనబడుతుంది.

ఈ నవలకు ముందు తెలుసుకోవాల్సింది కొంచెమే. గూగీ పుట్టిన కికుయు జాతి జనాన్ని ఊళ్లు ఖాళీ చేయించి కందకాలు తవ్విన కొత్త పల్లెల్లో కుక్కారు. ప్రభుత్వం వైపు నిలిచిన కికుయులను హోంగార్డులుగా పెట్టారు. నిర్బంధ శిబిరాల్లో మౌ మౌ ప్రమాణం చేశామని ఒప్పుకునేదాకా కొట్టారు. 1959 మార్చి 3న హోలా శిబిరంలో 11 మంది దెబ్బలకు చనిపోయారు. బ్రిటిష్ ప్రభుత్వం 2013లో విచారం ప్రకటించి 5,228 మందికి పరిహారం ఇచ్చింది. అంటే గూగీ రాసినప్పుడు ఇంగ్లండులో ఇవి ఒప్పుకున్న నిజాలు కావు. ఇంకో జాగ్రత్త: ఈ నవలకు 1980లలో రచయిత సవరించిన ముద్రణ ఉంది, తెల్ల మహిళ డాక్టర్ లిండ్ మీద దాడి ఘట్టం అందులో మారింది. ఇద్దరు కలిసి చదువుకుంటుంటే ముందు ఇద్దరి దగ్గరా ఉన్నది ఏ ముద్రణో చూసుకోండి.

గూగీ 1977 డిసెంబరు చివర అరెస్టయి, విచారణ లేకుండా ఏడాది కామిటీ జైల్లో ఉన్నాడు. అక్కడ టాయిలెట్ కాగితం మీద గికుయు (కికుయు) భాషలో రాసిన నవల 1980లో అచ్చయింది, దాన్ని ఇంగ్లీషులోకి ఆయనే తెచ్చాడు. ఆ ఇంగ్లీషు నుంచి వరవరరావు జైల్లో ఉండగా చేసిన తెలుగు అనువాదం ‘మట్టికాళ్ల మహారాక్షసి’. తెలుగులో చదివేవాళ్లు మూడో భాషలో చదువుతున్నామని గుర్తుంచుకోవాలి. దాని వాక్యాల్లో పునరుక్తి, పిలుపులు, పాటలు ఎక్కువ. కథ చెప్పేవాడు గిచాండి వాయించే గాయకుడు, సొరకాయ బుర్ర వాద్యంతో పొడుపు కథలు పాడే సంప్రదాయం అది. కళ్లతో చదివితే సాగతీతలా ఉంటుంది. రెండు అధ్యాయాలు బయటికి చదివి చూడండి, బుర్రకథ విన్న చెవికి దాని ఊపు అందుతుంది. కెన్యాలో ఆ పుస్తకాన్ని ఇళ్లలో, బార్లలో ఒకరు చదివితే పదిమంది విన్నారు.

పటం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఒక నవలకు ఒక పటం, చేత్తో గీసింది. సెంబెన్ ఉస్మాన్ 1960 ఫ్రెంచి నవలకైతే (ఇంగ్లీషులో ‘గాడ్స్ బిట్స్ ఆఫ్ వుడ్’) డకార్, తియెస్, బమాకో అనే మూడు చుక్కలు, వాటిని కలిపే రైలు గీత చాలు. 1947 అక్టోబరు 10 నుంచి 1948 మార్చి 19 దాకా సాగిన నిజమైన రైల్వే సమ్మె అది. అధ్యాయాలు ఊరి నుంచి ఊరికి దూకుతాయి కాబట్టి పటం లేకపోతే మనుషులు కలగాపులగమవుతారు. మనుషుల్ని లెక్కపెడితే ఆయుష్షు తగ్గుతుందని, వాళ్లను దేవుడి కట్టెపుల్లలుగా లెక్కించే అలవాటు నుంచి ఆ నవలకు పేరొచ్చింది. ఇది తెలియకపోతే పేరు అలంకారంలా మిగిలిపోతుంది.

మన వాళ్లు కనబడే పేజీల దగ్గర తడబడకండి. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి మొదటి కూలీల ఓడ డర్బన్ చేరింది, ఆ తర్వాత ఏళ్లలో వెళ్లినవాళ్లలో తెలుగువాళ్లు చాలామంది. తూర్పు ఆఫ్రికాలో 1896 నుంచి రైలుమార్గం వెయ్యడానికి సుమారు 32,000 మంది భారతీయులు వెళ్లారు, వ్యాపారులూ వెళ్లారు. గూగీ నవలల్లో భారతీయ దుకాణదారు తెల్లవాడికీ నల్లవాడికీ మధ్య మెట్టు మీద ఉంటాడు, ఎవరికీ ఇష్టుడు కాడు. అక్కడ మనసు నొచ్చుకుంటుంది. ఆ మాట అంటున్న పాత్ర ఎవరు, అతను ఆ దుకాణంలో కొనగలడా లేడా అన్నది రాసుకుని ముందుకెళ్లండి. అటు నుంచి ఇటు వచ్చిన దారీ ఉంది. పశ్చిమాఫ్రికా 81, 82 డివిజన్లు, తూర్పు ఆఫ్రికా 11వ డివిజన్ బర్మాలో జపాన్‌తో పోరాడాయి. బుచి ఎమెచెటా ‘ది జాయ్స్ ఆఫ్ మదర్‌హుడ్’లో లాగోస్‌లో ఒకప్పుడు చాకలి పని చేసిన ఎన్నాయిఫేను బలవంతంగా సైన్యంలోకి పట్టుకుపోతారు. ఆ ఏళ్లు అతని భార్య ఎన్ను ఎగో పిల్లలతో ఎలా నెట్టుకొచ్చిందన్నది తర్వాతి కథ. ఈ చోట యుద్ధానంతరం అన్న మాటకు సైనికుడి వైపు అర్థం ఒకటి, ఇంట్లో మిగిలిన ఆడమనిషి వైపు అర్థం మరొకటి.

‘ఏడు తరాలు’ చదివి ఆఫ్రికాను తెలుసుకున్న తెలుగు పాఠకులు చాలామంది. అది గొప్ప అనుభవమే, కానీ అది గాంబియా నుంచి అమెరికాకు బానిసలుగా పోయినవాళ్ల కథ. ఇక్కడ చెప్పుకున్న నవలలు పోకుండా అక్కడే ఉండిపోయినవాళ్లవి. వీటిలోని బాధ పొలం, పన్ను, బడి, కోర్టు, ఉద్యోగం. సంకెళ్ల కోసం వెతికితే దొరకవు, దొరకలేదని కథ మెత్తగా ఉందనుకుంటారు.

ఎదురుగా వచ్చే పొరపాటూ ఉంది. ప్రతి కష్టానికీ వలస పాలనే కారణమని తేల్చేయడం. ఒకొంక్వో తన కొడుకులా పెరిగిన ఇకెమెఫునాను నరికినప్పుడు ఆ ఊళ్లో ఒక్క తెల్లవాడూ లేడు. అడవిలో పారేసిన కవల పిల్లల ఏడుపు ఎన్వోయే చెవిన పడింది కూడా మిషనరీలు రాకముందే. అచేబే తన పల్లెను కడిగి ముత్యంలా చూపించలేదు. అందుకే ఆ పల్లె పోయినప్పుడు అంత నొప్పి.

మొదలుపెట్టేవాళ్లు ‘థింగ్స్ ఫాల్ అపార్ట్’, వెంటనే ‘నో లాంగర్ ఎట్ ఈజ్’, తర్వాత ‘ఎ గ్రెయిన్ ఆఫ్ వీట్’ ఈ వరసలో చదవండి, ఒక్కోదానికి రెండు వారాలు పెట్టుకుని. పూర్తయ్యాక గీతలు గీసిన మాటలు తిరగేసి, ఇంకా అర్థం కాని నాలుగైదింటికి మాత్రం బయట వెతకండి. చివరగా మొదటి నవల ఆఖరి పేజీ మళ్లీ తెరవండి. కమిషనర్ తాను రాయబోయే పుస్తకంలో ఒకొంక్వోకు ఒక అధ్యాయం ఇద్దామా అనుకుని, వద్దులే, ఒక పేరా చాలంటాడు. ఆ వాక్యం పక్కన మీరు అట్ట లోపల రాసుకున్న మొదటి తేదీనీ మూడో తేదీనీ పెట్టి చూడండి.